బొంత కుట్టుడు నేర్పాలె: ఏమేం సర్దుకోవాలె, ఎక్కడ మొదలుపెట్టాలె?

ధర్మాబాద్ కోడలు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

అందరికి నమస్తే. నా పుట్టిల్లు బాసర దిక్కు, సరిహద్దు దాటితే అత్తగారిల్లు. మా వాడల సగం మంది తెలుగోళ్ళు, సగం మంది మరాఠీవాళ్ళు. మేం బొంత అంటం, వాళ్ళు గోధడీ అంటరు, పెద్దోళ్ళు కొందరు వాకళ్ అంటరు. పాత చీరలు పొరలు పరిచి కుట్టుడు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

మా పొదుపు సంఘమోళ్ళు, ఇక్కడ బచత్ గట్ అంటరు, ఫిబ్రవరిల అయిదు రోజులు బొంత కుట్టుడు నేర్పుమని నన్ను అడిగిండ్రు. పత్తి ఏరుడు అయిపోతది కాబట్టి ఆడోళ్ళకు జర తీరిక దొరుకుతది. మధ్యాహ్నం 2 నుంచి 4 దాక, రోజుకు రెండు గంటలు. పేర్లు రాసుకున్నోళ్ళు 12 మంది. కాలేజీ పిల్లలు ముగ్గురున్నరు, 60 దాటిన అవ్వలు ఇద్దరున్నరు.

నాకు కుట్టుడు వచ్చు. మా అత్తమ్మ పక్కన కూసోని నేర్చుకున్న, 14 ఏండ్ల నుంచి కుడుతున్న. కని నేర్పుడు ఎన్నడు చెయ్యలే. రాత్రి పండుకుంటే గుబులైతది. మొదటి రోజు ఏం చెప్పాలె? బట్ట నేను తేవాలెనా, వాళ్ళనే తెచ్చుకొమ్మనాలెనా? అయిదు రోజుల్ల ఎంత పెద్ద బొంత అయితది? అన్నిటికంటె పెద్ద భయం ఆ ఇద్దరు అవ్వలు. వాళ్ళు నాకంటె ముందు సూది పట్టినోళ్ళు. వాళ్ళ ముందట నేనేం చెప్తను?

తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

---

సూదిదారం (దెగ్లూర్)

అక్కా, నేను టైలర్ పని చేస్త. బట్ట గురించి చెప్త, మిగతాది ఆడోళ్ళు చెప్తరు.

ఎవల బట్ట వాళ్ళను తెచ్చుకొమ్మనకు. ఒకామె జార్జెట్ చీర తెస్తది, ఒకామె జీన్స్ ప్యాంటు తెస్తది, ఒకామె గంజి పెట్టిన కొత్త పంచె తెస్తది. పన్నెండు మందికి పన్నెండు తీర్ల తిప్పలు నువ్వు పడాలె. మొదటి బొంతకు అందరికి ఒక్క తీరు నూలు బట్ట నువ్వే ఇయ్యి. రెండోది వాళ్ళింట్ల చీరలతోని కుట్టుకుంటరు.

పాత నూలు చీర అయితే అన్నిటికంటె మంచిది. పదేండ్లు ఉతికిన బట్టల గంజి ఉండది, ముడుచుకునేది అంతా అప్పుడే ముడుచుకొని ఉంటది, సూది వెన్నల దిగినట్టు దిగుతది. కొత్త బట్ట తేవలసొస్తే ఒక రాత్రి నీళ్ళల్ల నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసినంకనే కత్తెర పెట్టు. పైపొర కొత్తది, అడుగుది పాతది ఉంటే మొదటి ఉతుకుకే ఒకటి గుంజుకుంటది, ఇంకోటి గుంజుకోదు. బొంత అంతా బుడిపెలు లేస్తది.

ముక్కలు కత్తిరించుడు కాదు, చింపుడు నేర్పు. అంచుకాడ కత్తెరతోని చిన్న గాటు పెట్టి రెండు చేతులతోని బర్రున చింపితే నూలు బట్ట పోగు వెంబడే పోతది, గీత గీసినా అంత సక్కగ రాదు. పోగుకు అడ్డదిడ్డంగ కోసిన ముక్క సాగుతది. అసొంటి ముక్కలు నాలుగు కలిస్తే చదరం చదరంగ ఉండది.

---

నాందేడ్ క్విల్టర్ (నాందేడ్)

కోడలమ్మా, నేను ఆరేళ్ళుగా మిషన్ మీద అమెరికా పద్ధతిలో క్విల్టులు కుడుతున్నాను. నా సలహా వేరు. ఇప్పటి పిల్లలకి చేతికుట్టు మీద ఓపిక ఉండదు. మొదటి రోజే మిషన్ ముందు కూర్చోబెట్టి తొమ్మిది చదరాల ముక్క, మేము నైన్ ప్యాచ్ అంటాము, కుట్టించండి. గంటన్నరలో చేతిలో ఒక అందమైన ముక్క ఉంటుంది, ఉత్సాహం వస్తుంది. తిరిగే చక్రం కత్తి, అంటే రోటరీ కట్టర్, దాని కింద వేసే చాప, ఒక గాజు లాంటి స్కేలు ఉంటే 12 మందికి ముక్కలు మీరొక్కరే ఒక పూటలో కోసెయ్యగలరు. ఆ కట్టర్‌ని 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చింది, క్విల్టు కుట్టేవాళ్ళ పని తీరే మారిపోయింది.

ఒక్క లెక్క మాత్రం గట్టిగా నేర్పండి. కుట్టు అంచు నుంచి పావు అంగుళం. 6 అంగుళాల చదరం కావాలంటే ఆరున్నర కోయాలి. ఈ పావులో పరక అంగుళం, అంటే ఎనిమిదో వంతు, ఎక్కువ పట్టినా ఒక్కో అతుకు దగ్గర పావు అంగుళం పోతుంది. వరసలో ఆరు చదరాలుంటే అయిదు అతుకులు, అంటే అంగుళంపావు మాయం. పక్క వరస సరిగ్గా కుట్టి ఉంటే ఈ రెండూ ఎక్కడా కలవవు.

---

సూదిదారం

నాందేడ్ మేడమ్ చెప్పిన పావు అంగుళం లెక్క నూటికి నూరు పాళ్ళు నిజం. అతుకులు మిషిన్ మీద కుట్టుడు నాకు సుత మంచిగనే అనిపిస్తది. కని పైది, నడిమిది, అడుగుది మూడు పొరలు కలిపి కుట్టేది మిషిన్ మీద వద్దు, కొత్తోళ్ళతోని అస్సలు వద్దు.

ఎందుకంటే మిషిన్ పళ్ళు అడుగు బట్టను వెనక్కి గుంజుతయి, పైన పాదం ఒత్తి పడుతది. మూడు పొరల మందం ఉంటే అడుగుది పోతుంటది, పైది ఆగుతుంటది. గీత చివరికొచ్చేసరికి పైపొర మడత పడుతది. దానికని వాకింగ్ ఫుట్ అని వేరే పాదం వస్తది, పైపొరను సుత నడిపిస్తది. మన వాడల కాలితోని తొక్కే మిషిన్లకు అది ఎవలకాడ ఉన్నది?

---

నాందేడ్ క్విల్టర్

అది నిజమే అన్నా. నా మిషన్‌కి వాకింగ్ ఫుట్ ఉంది కాబట్టి ఆ ఇబ్బంది నేను మరిచిపోయాను. సరే, అతుకులు మిషన్ మీద, బొంతకుట్టు చేత్తో. ఇందులో నాకు అభ్యంతరం లేదు.

---

బల్లార్షా అక్క (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

చెల్లె, ఎంత పెద్ద బొంత అయితది అని అడిగినవు గదా. దీని మీద నేను దెబ్బ తిన్న కాబట్టి లెక్క చెప్త.

మూడేండ్ల కింద మా ఊళ్ళె ఒక సంస్థ వాళ్ళు పిలిస్తే 10 మందికి నేర్పిన. చంటిపిల్ల బొంత పెట్టిన, 36 అంగుళాలకు 36. చిన్నదే గదా అనుకున్న. అంగుళానికి ఒక గీత కుడితే 35 గీతలు, గీతకు 36 అంగుళాలు. మొత్తం 1260 అంగుళాలు, 32 మీటర్ల కుట్టు. నా చెయ్యికి ఒక గీత పది నిమిషాలు పడుతది. కొత్తగ సూది పట్టినామెకు ఇరవై అయిదు పట్టింది. అంటే వాళ్ళకు 14 గంటలకు మించిన పని. నాకు దొరికినయి మొత్తం పది గంటలు, అండ్ల కోసుడు, అతుకుడు, పరుసుడు అన్నీ రావాలె. ఆఖరు రోజు పది మందిల ఒక్కామె సుత అంచు మడవలే. సగం బొంతలు సంచుల్ల పెట్టుకొని పోయిండ్రు. అవి ఇప్పటికీ సంచుల్లనే ఉన్నయని ఇద్దరు ముగ్గురు చెప్పిండ్రు. అది తల్సుకుంటే నాకిప్పటికీ పాణం ఉసూరుమంటది.

నువ్వు మూరెడు బొంత పెట్టు. 18 అంగుళాలకు 18. తొమ్మిది చదరాలు, అంతే. గీతలు 17, మొత్తం కుట్టు 306 అంగుళాలు, ఎనిమిది మీటర్లకు తక్కువ. నాలుగో వంతు పని. అయిదో రోజు అంచు మడిచి, బొంత భుజం మీద ఏసుకొని ఇంటికి పోతరు. పొత్తిళ్ళ బిడ్డ కింద పరవొచ్చు, కుర్చీల ఏసుకోవచ్చు, దేవుని పీట మీద పరవొచ్చు.

---

ధర్మాబాద్ కోడలు

బల్లార్షా అక్కా, నువ్వు చెప్పకపోతే నేను అచ్చం 36 పెట్టేదాన్ని. మూరెడు మాట మంచిగున్నది. టేపు లేనోళ్ళు సుత మోచేతి నుంచి నడిమేలు కొస దాక కొలుసుకుంటరు. మరాఠీవాళ్ళకు హాత్ అంటే సాలు, ఎరుకైతది.

లెక్క చేసిన. 45 అంగుళాల పన్నా బట్టల ఆరున్నర అంగుళాల పట్టి చింపితే ఆరు చదరాలొస్తయి. 12 మందికి 108 చదరాలు, 18 పట్టీలు, మూడుంపావు గజాల బట్ట. అడుగుపొరకు ఒక్కొక్కలకు 22 అంగుళాల చదరం, పన్నాకు రెండొస్తయి, అంటే నాలుగు గజాల లోపలనే. అడుగుకు ఒక్క పాత నూలు చీర సరిపోతది, ఇంకా మిగులుతది. ఇంత తక్కువ పడుతదని అనుకోలే.

---

సిరొంచ పంతులమ్మ (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అమ్మాయీ, బట్ట, లెక్క అందరూ చెప్పారు. నేను 30 ఏళ్ళు చిన్న తరగతులకి చెప్పాను, అటు మరాఠీ, ఇటు తెలుగు. నాకు బొంత ఒక మోస్తరుగానే వచ్చు. కానీ నేర్పడం గురించి నాలుగు మాటలు చెప్పగలను.

చెయ్యికి తెలిసింది నోటికి తెలియదు. నీ ఇబ్బంది అంతా అక్కడే ఉంది. నువ్వు 14 ఏళ్ళుగా కుడుతున్నావు, అందుకే నువ్వేం చేస్తున్నావో నీకు కనపడదు. కాబట్టి తరగతికి ముందు ఒక పని చెయ్యి. బొంత అంటే ఏమీ తెలియని మనిషిని, మీ ఇంట్లో పిల్లలుంటే పిల్లని, పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూరెడు బొంత మొదటి నుంచి చివరి దాకా కుట్టు. ప్రతి పనికీ "ఎందుకట్లా?" అని అడగమను. జవాబు వెంటనే రాని చోటల్లా రాసుకో. నువ్వు తయారు చేసుకోవలసిన పాఠం ఆ కాగితమే. గడియారం కూడా చూసుకో. నీకు పట్టిన కాలానికి మూడింతలు వాళ్ళకి పెట్టుకో.

రెండోది, మెట్టు మెట్టుకి ఒక నమూనా వేరేగా ఉండాలి. చదరాలు అతికినంత వరకు ఒకటి. పొరలు పరిచి, జరగకుండా తాత్కాలికంగా కచ్చా కుట్టు వేసింది ఒకటి. సగం గీతలు కుట్టింది ఒకటి. అంచు రెండు వైపులే మడిచింది ఒకటి. పూర్తయిన దాన్ని ఒక్కదాన్నే చూపిస్తే అందం చూస్తారు కానీ దారి చూడలేరు. ఒక మనిషి ఒక రోజు రాకపోయినా, వెనకబడినా, ఆ నమూనా ముట్టుకుని వెనక్కి తిప్పి చూసుకుని తనే అందుకుంటుంది. గోడకి తాడు కట్టి క్లిప్పులతో వరసగా వేలాడదియ్యి.

మూడోది ఆ అవ్వలు. వాళ్ళని విద్యార్థుల్లో కలపకు. మొదటి రోజు అందరి ముందూ వాళ్ళ పాత బొంతలు తెమ్మని అడుగు, విప్పి చూపించమను. నీ నమూనాల కంటే ముందు అవి పరవాలి. తరవాత చెరో వైపు కూర్చోబెట్టి మిగతా పదిమందిలో అయిదుగుర్ని ఒక్కొక్కరికి అప్పచెప్పు. నీకు తెలియనిది ఏదైనా అడిగితే "అవ్వను అడుగుదాం" అను. దానివల్ల నీ గౌరవం ఇంకా పెరుగుతుంది.

పాఠం రెండు భాషల్లోనూ చెప్పు. తెలుగు మాట వెంటే మరాఠీ మాట. ధావ్‌దోరా అంటే వాళ్ళకి తెలుసు, మనవాళ్ళు పోగు కుట్టు అన్నా రన్నింగ్ కుట్టు అన్నా అదే.

ఇంకొకటి చిన్నది. పెద్దవాళ్ళకి సూది బెజ్జం కనపడదు, అడగడానికి మొహమాటం. ముందు రోజే ఒక్కొక్కరికి నాలుగు సూదులు దారం ఎక్కించి గుడ్డకి గుచ్చి ఉంచు.

---

కిన్వట్ చిన్నోడు (కిన్వట్, నాందేడ్ జిల్లా)

మా అమ్మ తరఫున అడుగుతున్న. ఇప్పుడు ఇండ్లల్ల నూలు చీరలు ఏడున్నయి? అమ్మకాడ అన్నీ సిల్కు లెక్క జారే చీరలే. వాటితోని బొంత కుట్టొద్దా?

---

సూదిదారం

కుట్టొచ్చు తమ్మీ. పైకి మాత్రమే వాడుమను. నడిమిట్ల, అడుగుకు నూలుదే ఉండాలె, పాత లుంగీ, పాత పంచె, పాత దుప్పటి. జారే బట్టకు చెమట ఇంకది, ఎండకాలం ఒంటికి అంటుతది. ఇంకో మాట, జారే బట్టకు కచ్చా కుట్టు రెండింతలు దగ్గర దగ్గర వెయ్యాలె, లేకుంటే కుట్టుతుంటేనే పక్కకు పోతది.

---

రాయగడ వదిన (రాయగడ, ఒడిశా)

మీ మాటలన్నీ చదివి ఆగలేకపోయాను. మాది ఆ చివర, ఒడిశా వైపు. ఇక్కడ ఒడియావోళ్ళు కంథా అంటారు, మన తెలుగువోళ్ళం బొంతే అంటాం. చలికాలం మా కొండల దగ్గర బొంత లేకపోతే తెల్లారదు.

రంగు గురించి ఎవరూ చెప్పలేదేటి? ముక్కల్లో ఎరుపు ఉందంటే ముందు పరీక్ష చెయ్యాలి. తడిపిన తెల్ల గుడ్డ ఆ ఎర్ర ముక్క మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టి అదమండి. తెల్ల గుడ్డకి రంగు దిగిందంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తాదని మా పెద్దోళ్ళు చెప్తారు. నేను మూడు సార్లు చేశాను, కొట్టులో కొన్న బట్టకి అది పని చెయ్యలేదు.

మా అమ్మ పాత చీర అంచుల్లోంచి పోగులు లాగి, రెండు మూడు కలిపి పేని, ఆ దారంతోనే కంథా కుట్టేది. కొన్న దారం మొహం చూసేది కాదు. ఎర్రంచు చీర ఉంటే ఎర్ర కుట్టు, పచ్చంచు ఉంటే పచ్చ కుట్టు. మీ తరగతిలో గుంటలకి అది ఒక్కసారి చేసి చూపించండి. ఆ పోగు ఊడొచ్చేటప్పుడు బలే సంబరపడతారు.

---

ధర్మాబాద్ కోడలు

వారం రోజులైంది, ఇటు రాలే. పంతులమ్మ చెప్పినట్టు మా బిడ్డను పక్కన కూసోబెట్టుకొని మూరెడు బొంత కుట్టిన. ఎనిమిదో తరగతి చదువుతది. నోట్‌బుక్కు పట్టుకొని కూసున్నది, వదిలిపెట్టలే.

"అమ్మా, ఎడమ చెయ్యి కింద ఏం చేస్తున్నది?" అన్నది. నాకు జవాబు రాలే. కండ్లు మూసుకొని రెండు గీతలు కుట్టి చూసుకున్న. నా ఎడమ చెయ్యి బొంత కింద ఉంటది. సూది కొస కిందికి దిగంగనే చూపుడువేలుకు తాకుతది. తాకుడు తాకుడే ఆ వేలు కొసను మీదికి నూకుతది. సూది మూడు పొరలు దిగిందా రెండే దిగిందా అని చెప్పేది ఆ వేలే. ఇన్నేండ్లు కుడిచెయ్యి కుడుతున్నదనుకున్న. ఆ వేలు కొసకు చర్మం గట్టిపడి ఉన్నది, చిన్న గింజ లెక్క. మా అత్తమ్మ వేలు పట్టి చూసిన. ఆమెకు సుత అదే వేలు, అదే జాగల, నా దానికంటె రెండింతలు గట్టిగున్నది. "నాకెందుకు చెప్పలే అత్తమ్మా" అంటె, "నువ్వు అడగలే గదా" అన్నది.

కాబట్టి మొదటి రోజు పాఠం ఇదే పెట్టుకున్న. బొంత కాదు, జానెడు గుడ్డ రెండు మడతలు పెట్టి, కండ్లు మూసుకొని కింద వేలుతోని సూది కొసను పట్టుకునుడు. కొత్తోళ్ళకు వేలు నొస్తది కాబట్టి దానికి ఒక చిన్న తోలు ముక్క, లేకుంటే మెడికల్ షాపుల దొరికే పట్టీ చుట్టుకొమ్మంట.

ఇంకా "పొరలు నడిమిట్ల నుంచే ఎందుకు కుడుతున్నవు, అంచు నుంచి కుట్టొచ్చు గదా" అన్నది. దీనికి జవాబు తెలుసు. నడుమ నుంచి బయటికి పోతే గాలి, మడత అంతా అంచుకు నూకబడుతది, ఆడ సవరించుకోవచ్చు. అంచు నుంచి లోపలికి వస్తే మడత అంతా నడిమిట్ల చిక్కుకుంటది.

రాయగడ వదినా, నీ మాట ఒక్క రోజు ముందు చదివితే బాగుండు. నమూనాల్ల ఎర్ర జాకెట్టు ముక్క పెట్టిన. పూర్తయినంక ఉతికిన. తెల్ల అడుగుపొర అంతా గులాబీ రంగు మరకలైంది. మూడు దినాల పని. చాన ఏడుపొచ్చింది. కని దాన్ని పారెయ్యలే. గోడకు అన్ని నమూనాల పక్కన అదీ వేలాడదీస్త, ఇస్త్రీ పరీక్ష ఎందుకు చెయ్యాలెనో చూపెట్టనీకె.

---

నాందేడ్ క్విల్టర్

ఎడమ వేలు సంగతి చదివాక నేను కూడా చేత్తో కుట్టి చూశాను. ఇన్నేళ్ళు మిషన్ మీద కుట్టినా పొరల మందం నా చేతికి తెలియదని అర్థమైంది. నేనూ మీ తరగతికి ఒక రోజు రావచ్చా? మిషన్ మీద అతుకులు చూపించడానికి సాయం చేస్తాను.

నడుమ నుంచి బయటికి అన్న మాట దగ్గర ఒకటి చెప్పాలి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, ఎల్లాపుర వైపు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది బొంత దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళు మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంట తిరుగుతూ తిరుగుతూ లోపలికి వస్తారు. కానీ వాళ్ళు ముక్కలన్నీ ముందే అతికి పెట్టుకోరు. ఒక్కో ముక్క అంచు మడిచి పెట్టుకుంటూ, కుట్టుకుంటూ పోతారు, అందుకని మడత నడుమ చిక్కుకోదు. నాలుగు మూలలకీ గుడ్డని మూడు మూలల పువ్వులాగా మడిచి కుడతారు.

మీ కాలేజీ పిల్లలు పాత గుడ్డలా అని ముఖం తిప్పుకుంటే వాళ్ళకి జీస్ బెండ్ బొంతలు ఫోన్‌లో చూపించండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో చిన్న ఊరు, నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకున్న పాత ప్యాంట్లు, చొక్కాలు చింపి కుట్టారు. 2002లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడల మీద వేలాడాయి. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది.

---

ధర్మాబాద్ కోడలు

మేడమ్ తప్పకుండ రండి, రెండో రోజు రండి. అన్నం మా ఇంట్లనే.

---

బల్లార్షా అక్క

నడిపొర ఏం పెడుతున్నవు చెల్లె? దూది పెట్టకు. మన దిక్కు పత్తి మస్తుగ పండుతది కాబట్టి అందరికి దూది మీదనే మనసు పోతది. వదులు దూది పెడితే గీతలు దగ్గర దగ్గర లేకుంటే ఒక్క ఉతుకుకు గడ్డలు కట్టి మూలకు చేరుతది. గంతకు తగ్గ బొంత అన్నరు గదా, మూరెడు బొంతకు పాత నూలు దుప్పటి ఒక్క పొర సాలు, సూది సుత సులువుగ దిగుతది.

దారం ఆంకర్ పూలదారం లచ్ఛీ ఒక్కొక్కలకు ఒకటి ఇయ్యి. 8 మీటర్లు ఉంటది, ఆరు పోగులు. మూడు మూడు విడదీస్తే 16 మీటర్లు అయితది, ముడులకు, వృథాకు పోను సరిపోతది. ఒక్కసారికి మూరెడు దారమే తియ్యుమను. బారెడు తీస్తే తొందర అయితదనుకుంటరు. చిక్కులు తీసుకుంటనే పొద్దు గూకుతది.

---

ధర్మాబాద్ కోడలు

నడిపొరకు పాత దుప్పట్లే తీసిన అక్కా. సంచులు 12 సర్దిన. ఒక్కో సంచిల తొమ్మిది చదరాలు, అడుగు బట్ట, దుప్పటి ముక్క 20 అంగుళాలది, పూలదారం, దారం ఎక్కించిన సూదులు నాలుగు, పిన్నీసులు ఎనిమిది, సుద్ద. ఆరున్నర అంగుళాల కొలతకు పాత ఎక్స్‌రే ఫిల్ము కోసి అచ్చు చేసిన. అట్టముక్క అయితే నాలుగు సార్లు గీస్తే మూలలు అరుగుతున్నయి.

ఒక్కటి తేలలే. పైసలు తీసుకోవాలెనా వద్దా? ఉచితంగ చెప్పుమని సంఘమోళ్ళు అంటున్నరు.

---

సిరొంచ పంతులమ్మ

వస్తువుల ఖర్చయినా తీసుకో. డబ్బు పెట్టిన మనిషి రెండో రోజు కూడా వస్తుంది. ఇవ్వలేని వాళ్ళు ఉంటే సంఘం వాళ్ళని కట్టమను, ఎవరు కట్టారో మిగతా వాళ్ళకి తెలియనివ్వకు.

---

సూదిదారం

నేనయితే నీ చెయ్యి కూలి సుత తీసుకొమ్మంట. పది గంటలు నేర్పుతున్నవు, నెల రోజుల సంది సర్దుతున్నవు. పత్తి ఏరబోతే కైకిలి ఇస్తరు గదా. ఇది పని కాదా?

---

ధర్మాబాద్ కోడలు

వస్తువులకు తీసుకున్న, నా కూలి సంఘం ఇస్తనన్నది. అడగనీకె నోరు రాకుండె, అన్న మాట చదివి అడిగిన.

మొదటి రోజు అయింది. అవ్వలిద్దరు తమ బొంతలు తెచ్చిండ్రు. ఒకామెది తొమ్మిది గజాల నౌవారీ చీరలతోని కుట్టింది, 40 ఏండ్ల కిందటిది. మడత విప్పంగనే గది అంతా సప్పుడు లేకుండ అయింది. కుట్టు గీతలు చీమల బారు లెక్క, ఒక్క తీరు. కాలేజీ పిల్ల ఒకామె కింద కూసోని గీత మీద వేలు పెట్టుకుంట పోయింది, కొస దాక. "ఇది ఎన్ని దినాలు కుట్టినవు ఆజీ?" అని మరాఠీల అడిగింది. "రెండు ఎండకాలాలు" అన్నది అవ్వ. పాత గుడ్డలని ఎవ్వలు ముఖం తిప్పుకోలే. ఫోనుల బొమ్మలు చూపెట్టే పనే పడలే.

కండ్లు మూసుకొని కుట్టే పాఠం పెట్టిన. 12 మందిల తొమ్మిది మందికి అదే రోజు వేలు దొరికింది. ముగ్గురికి దొరకలే. ఆ ముగ్గురిని అవ్వలు తీసుకున్నరు.

---

రాయగడ వదిన

మిగతా రోజులు కూడా రాయండమ్మా, ఎదురు చూస్తున్నాను.

---

ధర్మాబాద్ కోడలు

అయిదు రోజులు అయిపోయినయి. జరిగింది జరిగినట్టు రాస్త.

రెండో రోజు నాందేడ్ మేడమ్ వచ్చింది. మూడు మిషిన్ల మీద వంతుల వారీగ అతుకులు కుట్టించింది. మిషిన్ పాదం పక్కన పావు అంగుళం కాడ రంగు టేపు అంటించింది, బట్ట దానికి ఆనించి పోనిస్తే సాలు. దాంతోని చదరాలు మంచిగ కలిసినయి. కరెంటు గంటసేపు పోయింది, తొక్కుడు మిషిన్లు కాబట్టి ఆగలే. ఇస్త్రీకి మాత్రం బొగ్గుల పెట్టె తెప్పియ్యాల్సి వచ్చింది.

మూడో రోజు నేను అనుకున్నదాని కంటె కష్టమైంది. పొరలు పరిచి కచ్చా కుట్టు వేసుడు అరగంట పని అని రాసుకున్న, గంటంబావు పట్టింది. అందరు ఒక్కసారి కింద పరిస్తే జాగ సరిపోలే. రెండోసారి చేస్తే సగం మంది పరుస్తుంటె సగం మంది గీతలు గీసుకునేటట్టు పెడత. అడుగు బట్ట నాలుగు దిక్కుల గుంజి టేపుతోని నేలకు అంటించిన, దాని మీద దుప్పటి, దాని మీద అతుకుల పొర. ఒక పిల్ల నడిపొర తిప్పి చూసుకోకుండ పరిచింది, కింద మడత ఉండిపోయింది. సగం కచ్చా కుట్టు అయినంక అవ్వ చెయ్యితోని నిమిరి, "బిడ్డా, ఈడ ఉన్నది చూడు" అని పట్టుకున్నది. చూపుకు ఏం కనవడలే, అరచెయ్యికి దొరికింది. విప్పి మళ్ళ వేసినం. అప్పటి నుంచి అందరితోని చెప్పిన, కచ్చా కుట్టుకు ముందు అరచెయ్యి నడుమ నుంచి అంచుకు నిమురుండ్రి, ఎనిమిది దిక్కులకు.

నాలుగో రోజు అంతా కుట్టే. మాట్లాడుకుంట కుట్టిండ్రు. ఎవలింట్ల ఎవల చీర బొంతల ఉన్నది, చచ్చిపోయిన తల్లి చీర ఎవలు దాచుకున్నరు, అన్నీ వచ్చినయి. నేను నోరు మూసుకొని తిరిగిన. చెప్పాల్సిన అవసరం పడలే.

ఆఖరు రోజు అంచు. దుప్పటి ముక్కను పైపొరకు సమానంగ కత్తిరిస్తుంటే ఒకామె అడుగు బట్టను సుత కోసింది, రెండు అంగుళాల గాటు. అది నా తప్పు, అడుగు బట్టను లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకొని కొయ్యమని ముందు చెప్పాల్సి ఉండె. ఆడ వేరే ముక్క అతికినం. తర్వాత అడుగు బట్టను రెండు మడతలుగ పైకి తిప్పి, కనవడకుండ కుట్టినం. మూలలు అందరికి కష్టమైనయి, ఒకామె నాలుగు మూలలకు నాలుగు తీర్ల మడిచింది.

12 మందిల 11 మంది పూర్తి చేసిండ్రు. పన్నెండో ఆమె ఇంట్ల చావు అయితే రెండు రోజులు రాలే. ఆమె సంచి నా కాడనే ఉన్నది. పంతులమ్మా, మీరు చెప్పిన నమూనాలు ఉన్నయి కాబట్టి నిన్న వచ్చి, గోడకాడ నిలవడి, రెండో దాన్ని తిప్పి చూసుకొని తనే పరుసుకున్నది. వచ్చే సోమవారం మా ఇంటికి వచ్చి మిగతాది కుడుతనన్నది.

ఇంక ఒక్కటి అడుగుత. పెద్దది కుట్టుకుంటం, మళ్ళ పెట్టుమని ఏడుగురు అడుగుతున్నరు. మంచం బొంత, 60 అంగుళాలకు 90. ఇంటికాడ కుట్టుకొని, వారానికి ఒక్కసారి నా కాడికి రావాలె. దాన్ని ఎన్ని వారాలకు పెట్టాలె? ఎవలన్న అట్ల నడిపిండ్రా?

---

బల్లార్షా అక్క

అంగుళం అంగుళం దూరం గీత కాదు, మొదటి పెద్ద బొంతకు రెండు అంగుళాలకు ఒక గీత పెట్టించు చెల్లె. పొడుగునా కుడితే 29 గీతలు, గీతకు రెండున్నర గజాలు. వారానికి నాలుగు గీతలు అనుకుంటే ఎనిమిది వారాలు. దానికి ముందు అతుకులకు రెండు వారాలు, పరుసుడుకు ఒక రోజు. పరుసుడు మాత్రం ఇంటికాడ వద్దు, నీ కాడనే అందరు కలిసి ఒక్కొక్కల బొంత పరవాలె. అంత పెద్దది ఒక్క మనిషితోని కాదు, నలుగురు నాలుగు మూలలు పట్టాలె.